సైకిల్ షాపు పని: జీతానికి మించిన ప్రతిఫలం అందుకోవడం ఎలా

సైకిల్ షాపులో పనికి చేరాలనుకునేవారు ముందుగా ఒప్పుకోవలసిన నిజం ఒకటుంది. జీతం ఒక్కటే లెక్క అయితే ఇంతకంటే మేలైన పనులు చాలా ఉన్నాయి. చేతులకంటిన గ్రీజు ఒక పట్టాన వదలదు, నడుము వంచి నిలబడే పని, పైగా గిరాకీ కొన్ని నెలలు ఊపిరాడనివ్వదు, కొన్ని నెలలు అసలే ఉండదు. అయినా ఈ పనిలో చేరి ఏళ్ళ తరబడి నిలిచిపోయినవారు తక్కువేమీ కాదు. సైకిలు దేనినీ కప్పిపెట్టని యంత్రం కావడమే అందుకు కారణమని నేననుకుంటాను. చైను, పళ్ళచక్రాలు, బ్రేకు వైర్లు, చక్రాల పుల్లలు అన్నీ బయటికే కనబడుతూ ఉంటాయి కాబట్టి, చెడిందేమిటి, ఎందుకు చెడింది, బాగుచేశాక నిజంగా బాగుపడిందా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే గంటలో, ఒకే మనిషి కళ్ళ ముందు తేలిపోతుంది. ఇలాంటి అవకాశం ఇచ్చే పనులు అరుదు.

అయితే ఆ ప్రతిఫలం షాపులో నిలబడినంత మాత్రాన దానంతట అది రాదు. ఒకే బల్ల దగ్గర మూడేళ్ళు పనిచేసిన ఇద్దరిలో ఒకరు సామాను మార్చడం మాత్రమే నేర్చుకుని ఉంటారు, మరొకరు సైకిలును చదవడం నేర్చుకుని ఉంటారు. మొదటివారికి ఈ పని త్వరగానే విసుగు పుట్టిస్తుంది, రెండోవారికి పదో ఏట కూడా కొత్త సంగతి కనబడుతుంది. రెండోవారిలా పని నేర్చుకోవడానికి రోజులను ఎలా మలచుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

చేరే ముందు

షాపును ఎంచుకునే వీలు ఉంటే, కొత్త సైకిళ్ళు మాత్రమే అమ్మే చోటు కంటే, పాతవి బాగుచేసే పని ఎక్కువగా వచ్చే చోటును ఎంచుకోవాలి. డబ్బాలో వచ్చిన కొత్త సైకిలును బిగించడం కూడా నేర్చుకోవలసిన పనే, ఎందుకంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సైకిలులో హబ్బులు (చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగాలు) మరీ బిగుతుగానో, పుల్లలు వదులుగానో ఉండడం మామూలే. కానీ అరుగుదల ఎలా ఉంటుందో కొత్త సైకిలు నేర్పదు. పనిముట్లు ఎవరివి, విరిగితే ఎవరు భరించాలి, పని నేర్చుకునే క్రమంలో కస్టమరు సామాను పాడైతే ఆ నష్టం ఎవరి మీద పడుతుంది, ఖాళీ సమయంలో పాత చక్రాల మీద చేయి తిప్పుకోవడానికి అనుమతి ఉంటుందా అన్నవి మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. ఈ చివరి ప్రశ్నకు యజమాని ఇచ్చే జవాబును జీతం అంకెతో సమానంగా తూచాలని నా సలహా.

పంచరులో మొదలయ్యే చదువు

కొత్తగా చేరినవారికి ముందుగా అప్పగించేది పంచరు పని. దీన్ని చిన్న పనిగా చూసేవారు అక్కడే నష్టపోతారు, ఎందుకంటే కారణం వెతకడమనే విద్యకు పంచరు మొదటి పాఠం. రంధ్రం మూయడం పది నిమిషాలలో వచ్చేస్తుంది, అది ఎందుకు పడిందో చెప్పగలగడం వేరే సంగతి.

అందుకు ఒక అలవాటు చేసుకోవాలి. టైరు ఎక్కించే ప్రతిసారీ దాని మీది పేరు అచ్చును సరిగ్గా వాల్వు దగ్గరే ఉండేలా ఎక్కించాలి, ట్యూబును బయటికి తీసేటప్పుడు దాని ఏ పక్క ఎటు ఉండేదో గుర్తు పెట్టుకోవాలి. అప్పుడు ట్యూబులో రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో కొలిస్తే, టైరులో ఎక్కడ వెతకాలో, రిమ్ములో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. రంధ్రం ట్యూబుకు వెలుపలి వైపున, అంటే నేలను తాకే దిక్కున ఉంటే ముల్లో, గాజుపెంకో, సన్నని తీగ ముక్కో టైరులో ఇంకా గుచ్చుకునే ఉండవచ్చు. దాన్ని వట్టి వేలితో తడిమితే వేలు తెగుతుంది కాబట్టి టైరు లోపలి వైపున దూదిని పాముతూ పోవాలి, ముల్లు ఉన్నచోట దూది పీచు చిక్కుకుంటుంది. రంధ్రం లోపలి వైపున, రిమ్మును ఆనుకున్న చోట ఉంటే రిమ్ము పట్టీ జరిగిపోయిందనో, పుల్ల కొన నిపిలును (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టును) దాటి పొడుచుకు వచ్చిందనో అర్థం. పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలు కనబడితే, గాలి తక్కువగా ఉన్న టైరు గుంతలో పడి, ట్యూబు రిమ్ముకూ నేలకూ మధ్య నలిగిపోయిందన్నమాట. వాల్వు మొదట్లోనే ట్యూబు చిరిగి ఉంటే దానికీ సాధారణంగా గాలి తక్కువ కావడమే కారణం, ఎందుకంటే వదులుగా ఉన్న టైరు బ్రేకు వేసినప్పుడల్లా రిమ్ము మీద కొద్దికొద్దిగా జారుతూ ట్యూబును తనతో ఈడ్చుకుపోతుంది, వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని కదలలేకపోతుంది. నీటిలో ముంచినా ట్యూబులో ఎక్కడా బుడగ కనబడకపోతే వాల్వు నోటి మీద కాస్త సబ్బునీరు వేసి చూడాలి.

ప్యాచి వేయడంలో శత్రువు ఒక్కటే, అది తొందర. రంధ్రం చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ట్యూబు మీద అచ్చులో పడిన సన్నని గీత అడ్డువస్తే దాన్ని పూర్తిగా చదును చేసి, ప్యాచి కంటే కాస్త ఎక్కువ మేర సొల్యూషను పలుచగా పూసి, అది వేలికి అంటనంతగా ఆరేదాకా ఆగాలి. సొల్యూషను తడిగా ఉన్నప్పుడే ప్యాచి అంటించేవారు ఎక్కువ, అలా అంటించిన ప్యాచి మూడో రోజుకే ఊడివస్తుంది. నేను పని నేర్చుకున్న మొదటి వారంలో ఒకే సైకిలుకు ఒకే రోజు రెండుసార్లు ప్యాచి వేశాను. ప్యాచి బాగానే అంటుకుంది, ముల్లు మాత్రం టైరులోనే ఉండిపోయింది. రెండోసారి సైకిలును నడిపించుకుంటూ వచ్చిన మనిషి ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ నిశ్శబ్దం తరువాత టైరును దూదితో తడమకుండా ట్యూబు ఎక్కించిన రోజు లేదు.

చక్రం బెండు తీయడం

ఈ వృత్తిలో నిజమైన తృప్తి ఎక్కడ దొరుకుతుందని అడిగితే చక్రం దగ్గరనే చెబుతాను, అందుచేత దీని గురించి కాస్త ఎక్కువగానే రాస్తాను. సైకిలు చక్రం ఎలా నిలబడుతుందో చాలామందికి తెలియదు. పుల్లలు బండి చక్రం ఆకుల్లా బరువును కింది నుంచి మోస్తాయని అనుకుంటారు. అంత సన్నని తీగ తనపై నొక్కే బరువుకు వంగిపోవడం తప్ప మరేమీ చేయలేదు. పుల్లలన్నింటినీ ముందే గట్టిగా లాగి బిగించి ఉంచుతాం కాబట్టే చక్రం నిలబడుతుంది, మనిషి ఎక్కినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న పుల్లలలో ఆ బిగువు కొంత తగ్గుతుంది, అంతే. చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ ప్రతి పుల్లా ఒకసారి కొంత వదులై మళ్ళీ బిగుసుకుంటుంది. మొదటి నుంచీ బిగువు చాలని చక్రంలో ఈ హెచ్చుతగ్గులు పుల్లను పూర్తిగా వదులు చేసేదాకా పోతాయి, అలా వేలసార్లు జరిగాక పుల్ల హబ్బు దగ్గరి వంపులో అలసి తెగిపోతుంది. ఇది అర్థమైనవారు తెగిన పుల్ల ఒక్కదాన్ని మార్చి సైకిలు అప్పగించరు, మిగిలిన వాటి బిగువు కూడా చూస్తారు. అర్థం కానివారి దగ్గరికి అదే సైకిలు ప్రతి నెలా ఒక తెగిన పుల్లతో వస్తూనే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు హబ్బులో ఆట, అంటే వదులు కదలిక, ఉందేమో చూడాలి, ఎందుకంటే కోను (హబ్బులోని గుండ్లను ఒత్తిపట్టే నట్టు) వదులుగా ఉన్న చక్రం బెండు లేకపోయినా ఉన్నట్టే ఊగుతుంది. తరువాత ప్రతి నిపిలు మరలోనూ, నిపిలు రిమ్మును తాకే చోటా ఒక్కో చుక్క నూనె వేసి కాసేపు వదిలేయాలి. నూనె లేకుండా తిప్పితే నిపిలు తిరగదు, పుల్లే మెలి తిరుగుతుంది, లేదా నిపిలు మూలలు అరిగిపోయి ఇక కీ పట్టదు. ఆ తరువాత పుల్లలను ఒక్కొక్కటిగా వేలితో మీటుతూ చుట్టూ రావాలి. ఒకే వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి, మందంగా పలికేది వదులుగా ఉంది, సన్నగా పలికేది అతిగా బిగుసుకుంది. గేర్లున్న సైకిలు వెనుక చక్రంలో పళ్ళచక్రాల వైపు పుల్లలు రెండో వైపు పుల్లల కంటే సన్నగా పలకడం తప్పు కాదు, పళ్ళచక్రాలకు చోటివ్వడానికి ఆ వైపు పుల్లలను నిలువుగా, ఎక్కువ బిగువుతో కట్టవలసి వస్తుంది.

ఇప్పుడు రిమ్ము పక్కన కదలని గురుతు ఒకటి పెట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పాలి. రిమ్ము ఎడమకు వచ్చిన చోట ఎడమ వైపు పుల్లలను పావు చుట్టు వదిలి, కుడి వైపు పుల్లలను పావు చుట్టు బిగించాలి. ఒకేసారి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకూడదన్న నియమాన్ని మొదటి ఏడాదంతా పట్టుదలగా పాటించాలి. టైరు వైపు నుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిక్కుకు నిపిలు బిగుస్తుంది, మనం కీ పట్టుకునేది హబ్బు వైపు నుంచి కాబట్టి అది తిరగబడినట్టు కనిపించి కొత్తవారిని తికమక పెడుతుంది. రిమ్ము పక్కకు కాక పైకి ఉబ్బి ఉంటే ఆ చోట ఎడమ, కుడి పుల్లలను జతగా సమానంగా బిగించాలి. పక్క వంకరను కొంత, ఎత్తుపల్లాలను కొంత, మార్చిమార్చి సరిచేస్తూ పోవాలే తప్ప ఒకదాన్ని పూర్తిగా ముగించి రెండోదానికి వెళితే మొదటిది మళ్ళీ చెడుతుంది. చివరగా ఒకే వైపున సమాంతరంగా ఉన్న పుల్లలను రెండేసి చొప్పున గుప్పిట పట్టి గట్టిగా నొక్కాలి. పుల్లల్లో దాగిన మెలి ఉంటే టిక్కుమన్న చప్పుడుతో విడిపోతుంది, తరువాత మరోసారి తిప్పి చూసుకోవాలి. దెబ్బ తగిలి రిమ్ము లోహమే మడతపడి ఉంటే మాత్రం పుల్లలతో దాన్ని లాగడానికి ప్రయత్నించకూడదు, ఆ సంగతి కస్టమరుకు చెప్పి రిమ్ము మార్చాలి.

ఇదంతా చదివితే వచ్చేది కాదు. షాపు వెనుక పడేసిన పాత చక్రం ఒకటి తీసుకుని, పుల్లలన్నీ కావాలనే వదులు చేసి, మళ్ళీ సరిచేయాలి. అది కుదిరాక చక్రాన్ని పూర్తిగా విప్పి, హబ్బు ఒక చోట, రిమ్ము ఒక చోట, 36 పుల్లలు ఒక చోట పెట్టుకుని, ప్రతి పుల్లా తన వైపు పుల్లలను మూడింటిని దాటుకుని పోయేలా తిరిగి అల్లాలి. మొదటిసారి ఒక సాయంత్రమంతా పట్టవచ్చు, వాల్వు రంధ్రం మీదికి పుల్లలు అడ్డంగా వచ్చి మళ్ళీ మొదటి నుంచి విప్పవలసి రావచ్చు. విడివిడిగా ఉన్నప్పుడు చేత్తో వంచగలిగిన రిమ్మూ తీగలూ కలిసి మనిషి బరువు మోసే చక్రంగా మారి, గురుతు పక్కన వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ జరగకుండా తిరుగుతున్నప్పుడు కలిగే సంతోషాన్ని నేను వర్ణించలేను. మొదటి చక్రం అల్లినవారెవరూ వెంటనే ఇంటికి వెళ్ళరు, దాన్ని ఇంకో పదిసార్లు ఊరికే తిప్పి చూస్తారు.

మర, కోను, చైను

సైకిలులో కొన్ని మరలు ఎడమ వాటంగా ఉంటాయి, అంటే మామూలు మరకు ఎదురు దిక్కున తిప్పితే బిగుస్తాయి. ఎడమ పెడలు మర అలాంటిదే, చాలా సైకిళ్ళలో పెడళ్ళ ఇరుసు తిరిగే బీబీ గూటికి కుడి వైపున ఉండే కప్పు మర కూడా అలాంటిదే. తొక్కుతున్నప్పుడు పెడలు మీద పడే బలం దిక్కు చుట్టూ తిరుగుతూ ఉండడం వల్ల పెడలు ఇరుసు తాను బిగిసిన గూటిలో మెల్లగా దొర్లుతుంది, మామూలు మర అయితే ఎడమ పెడలు తొక్కుతుండగానే ఊడిపోతుంది. ఈ సంగతి తెలియని బలశాలి ఊడదీయబోయి ఇంకా బిగిస్తాడు, చివరికి క్రాంకు (పెడలును బిగించే కడ్డీ) మరలు పాడవుతాయి. గుర్తుకు సులువైన ఉపాయం ఒకటుంది. స్పానరు పిడి పైకి ఉండేలా పట్టించి వెనుక చక్రం వైపు లాగితే రెండు పెడళ్ళూ వదులవుతాయి, ముందు చక్రం వైపు తోస్తే రెండూ బిగుస్తాయి.

హబ్బు కోనులు సరిచేయడంలో చేతి తెలివి ఎక్కువ, కంటి తెలివి తక్కువ. కోను బిగించి దాని మీద లాకు నట్టు బిగించేటప్పుడు కోను కూడా కాస్త తిరిగి మరింత బిగుసుకుంటుంది కాబట్టి, ఆ మేరకు ముందే వదులుగా ఉంచాలి. ఎంత వదులు అన్నది పుస్తకం చెప్పలేదు, ముప్పై నలభై హబ్బులు చేశాక వేళ్ళే చెబుతాయి. పరీక్ష మాత్రం తేలికే. ముందు చక్రాన్ని నేల నుంచి ఎత్తి వదిలితే, బరువైన వాల్వు భాగం కిందికి వచ్చి, గడియారపు లోలకంలా అటూ ఇటూ ఊగి నెమ్మదిగా ఆగాలి. టక్కున ఆగిపోతే బిగుతు ఎక్కువైంది, రిమ్ము పట్టి పక్కకు కదిపినప్పుడు టకటకమంటే వదులైంది.

చైను సాగిందని అందరూ అంటారు కానీ అది సాగదు. లోపలి పిన్నులు అరిగి ఒక్కో అతుకు దగ్గర కాస్త ఎడం పెరుగుతుంది, అన్నీ కలిసి పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు సరిగ్గా అర అంగుళం దూరం ఉండాలి కనుక, 24 ఎడాలు కొలిస్తే 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే చైను మార్చే సమయం వచ్చిందన్నమాట, ఎనిమిదో వంతు పెరిగేదాకా ఆగితే పళ్ళచక్రాలు కూడా ఆ అరిగిన చైనుకు తగినట్టు అరిగిపోయి, కొత్త చైనును పట్టవు. ఒక స్కేలుతో అరనిమిషంలో చేసే ఈ పరీక్ష కస్టమరుకు పెద్ద ఖర్చు తప్పిస్తుంది. బ్యాటరీ సైకిళ్ళలో మోటారు లాగుడు కూడా తోడవుతుంది కాబట్టి చైనులు ఇంకా త్వరగా అరుగుతాయి, వాటిని ఇంకాస్త తరచుగా కొలవాలి.

సొంత పుస్తకం

రోజూ సాయంత్రం ఆ రోజు చూసిన వింత పనిని రెండు మూడు వాక్యాలలో రాసుకునే పుస్తకం ఒకటి పెట్టుకోవాలి. ఏ చప్పుడు వచ్చింది, మొదట దేన్ని అనుమానించాను, చివరికి ఏది తేలింది అన్నంత వరకు రాస్తే చాలు. ఉదాహరణకు, పెడలు తొక్కినప్పుడల్లా వచ్చే కిర్రు చప్పుడు బీబీదేనని అందరూ మొదట అనుకుంటారు, తీరా చూస్తే పొడిగా ఉన్న సీటు రాడ్డుదో, హ్యాండిలు బిగింపుదో కావచ్చు. నిలబడి తొక్కినప్పుడు చప్పుడు ఆగిపోతే సీటును, చేతులు వదిలి తొక్కినప్పుడు ఆగిపోతే హ్యాండిలును అనుమానించాలి. ఇలాంటి గుర్తులు ఏడాది తిరిగేసరికి పుస్తకంలో వంద పోగవుతాయి, ఆ వందా ఎవరూ లాక్కోలేని ఆస్తి.

అదే పుస్తకంలో టైరు కొలతలకు ఒక పేజీ కేటాయించాలి, ఎందుకంటే ఈ రంగంలో అంగుళాల పేర్లంత మోసకారివి మరొకటి లేవు. 26 అంగుళాలని పిలిచే టైర్లలోనే రిమ్ముపై కూర్చునే చోటి వ్యాసం ఒకదానికి 559 మిల్లీమీటర్లు, మరొకదానికి 590 మిల్లీమీటర్లు ఉంటుంది, ఒకటి రెండోదాని రిమ్ముకు ఎక్కదు. 28 అంగుళాల పేరు మీద 622 ఉంది, పాత తరహా బరువు సైకిళ్ళకు వాడే 635 కూడా ఉంది. టైరు పక్కన 37-590 అన్నట్టు ముద్రించిన అంకెలలో మొదటిది వెడల్పు, రెండోది ఈ వ్యాసం, నమ్మవలసింది ఆ రెండో అంకెనే.

మనుషులతో

సైకిలు తెచ్చిన మనిషి చెప్పేది ఎప్పుడూ పూర్తిగా వినాలి. వారు చెప్పే కారణం తరచుగా తప్పు కావచ్చు కానీ చెప్పే లక్షణం ఎప్పుడూ నిజమే. "బ్రేకు పాడైంది" అన్న మాటను పట్టుకుని బ్రేకు విప్పకుండా, ఎప్పుడు, ఎక్కడ, ఎండలోనా తడిలోనా, చప్పుడు వస్తుందా అని నాలుగు ప్రశ్నలు అడిగితే సగం పని మాటల్లోనే అయిపోతుంది. ఖర్చు ఎంతవుతుందో పని మొదలుపెట్టక ముందే చెప్పాలి, మధ్యలో కొత్త లోపం బయటపడితే పని ఆపి మళ్ళీ అడగాలి. మార్చిన సామానును పారవేయకుండా చేతిలో పెట్టి, ఎక్కడ అరిగిందో వేలితో చూపించాలి. ఇంతకు ముందు బాగుచేసినవారిని తిట్టకూడదు, రేపు మన పనిని మరొకరు విప్పి చూస్తారు.

బ్రేకులు పట్టని సైకిలును, ఫోర్కులో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే చీలిన కడ్డీలో) పగులు కనిపించిన సైకిలును, "ఈ ఒక్క రోజుకు సర్దుకుంటాను" అని ఎంత బతిమాలినా సరేనని అప్పగించకూడదు. ఈ విషయంలో యజమాని మీ వెంట నిలబడకపోతే అది షాపు మారవలసిన సమయం.

ఇక పిల్లల సంగతి. పక్క చక్రాలు తీసేసి మొదటిసారి పిల్లకో పిల్లవాడికో సైకిలు సిద్ధం చేసే రోజున సీటును రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి దించి, వీలైతే పెడళ్ళు కూడా ఊడదీసి ఇవ్వండి. కాళ్ళతో నేలను తోసుకుంటూ తూగు నిలుపుకోవడం ముందు వస్తుంది, తొక్కడం తరువాత దానంతట వస్తుంది. కొన్నాళ్ళకు ఆ పెడళ్ళు మళ్ళీ బిగించమని వారు తిరిగి వచ్చిన రోజున, ఆ ముఖం చూశాక, పొద్దుటి నుంచి పడిన శ్రమ గుర్తుండదు.

శరీరాన్ని కాపాడుకోవడం

దీని గురించి ఎవరూ చెప్పరు కనుక చెబుతున్నాను. సైకిలును నేల మీద పెట్టి వంగి పనిచేసేవారి నడుము పదేళ్ళకు మొరాయిస్తుంది, సైకిలును ఛాతీ ఎత్తుకు లేపే స్టాండు తప్పనిసరి. కిరోసిను, పెట్రోలుతో చేతులు కడుక్కుంటే చర్మం పగిలి దద్దుర్లు వస్తాయి, వాటిని చైనుకే పరిమితం చేసి చేతులకు పలుచని తొడుగులు వాడాలి. గాలి యంత్రంతో దుమ్ము ఊదేటప్పుడు కళ్ళద్దాలు ఉండాలి. డిస్కు బ్రేకు పళ్ళెం తిరుగుతుండగా వేలు దగ్గరికి పోనివ్వకూడదు, ఆగి ఉన్నప్పుడు కూడా దాన్ని నూనె చేతితో ముట్టకూడదు. మొదటిది వేలు కోసం, రెండోది బ్రేకు కోసం.

ఈ నైపుణ్యం ఎక్కడికి తీసుకుపోతుంది

కారణం వెతకడం అలవాటైన చేతికి సైకిలు దగ్గరే ఆగిపోవలసిన అవసరం లేదని చెప్పడానికి చరిత్రలో గట్టి ఉదాహరణే ఉంది. రైట్ సోదరులు 1892లో అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిల్ షాపు తెరిచారు, 1896 నుంచి సొంతంగా సైకిళ్ళు తయారుచేశారు. 1901లో రెక్కల మీద గాలి ఒత్తిడిని కొలవడానికి వారు ఆ షాపులోనే చిన్న గాలి సొరంగం కట్టుకున్నారు, అందులోని తూకపు పరికరాలను హాక్సా బ్లేడు ముక్కలతోనూ సైకిలు పుల్లల తీగతోనూ చేసుకున్నారు. వారి దగ్గర అదే ఏడాది పనికి చేరిన మెకానిక్కు చార్లీ టేలర్, విమానానికి తగిన తేలికైన ఇంజను ఎక్కడా దొరకనప్పుడు, షాపులోని లేతు, డ్రిల్లు యంత్రాలతోనే దాదాపు ఆరు వారాల్లో ఇంజను తయారుచేశాడు. 1903 డిసెంబరు 17న ఎగిరిన ఆ విమానంలో ఇంజను నుంచి ప్రొపెల్లర్లకు శక్తిని అందించింది కూడా చైన్లూ పళ్ళచక్రాలే. టేలర్ను ఆ షాపులో మొదట పెట్టుకున్నది సైకిళ్ళు బాగుచేయడానికేనన్న సంగతి గుర్తుంచుకోదగినది.

అందరూ విమానాలు చేయనక్కరలేదు. కొలవడం, మరను గుర్తించడం, బిగువును వేలితో పసిగట్టడం వచ్చినవారికి మోటారు వాహనాలు, కుట్టు మిషన్లు, పంపులు, లేతు పని, ఏదైనా సగం తెలిసినట్టే ఉంటుంది.

సొంత షాపు పెట్టాలనుకుంటే

నాలుగైదేళ్ళు గడిచి, మీ పుస్తకం నిండి, మీ పేరు అడుగుతూ కస్టమర్లు వస్తున్నారంటే సొంత షాపు ఆలోచన రావడం సహజం. దానికి ముందు కనీసం ఆరు నెలలు సామాను కొనుగోలు, లెక్కల పని ఒప్పుకుని చేయాలి. బాగుచేయడం వచ్చినా ఏ సైజు ట్యూబు ఎన్ని తెచ్చి పెట్టుకోవాలో తెలియక దెబ్బతిన్నవారు ఉంటారు. ఒక్కసారి మాత్రమే అడిగే ఖరీదైన సామాను అలమారాలో పెట్టుకోకుండా, బ్రేకు రబ్బర్లు, వైర్లు, చైన్లు, ట్యూబులు, బాల్సు (బేరింగు గుండ్లు) మాత్రం ఎప్పుడూ అయిపోకుండా చూసుకోవాలి.

పనిముట్లన్నీ కొత్తవి కొనవలసిన పని లేదు. బల్లకు బిగించే వైసు, సుత్తి, పంపు, చక్రాల స్టాండు పాతవి దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు, అవి సులభంగా చెడవు. స్పానర్లను మాత్రం నోరు విప్పారిందేమో నట్టుకు పట్టించి చూసి తీసుకోవాలి, విప్పారిన స్పానరు నట్టు మూలలను గుండ్రం చేసేస్తుంది. నిపిలు తిప్పే కీ, క్రాంకును ఇరుసు నుంచి లాగి తీసే పుల్లరు ఈ రెండూ కొత్తవే కొనాలి. మర అరిగిన పుల్లరు బలంగా తిప్పగానే క్రాంకు లోపలి మరలను ఊడబెరుకుతుంది, అప్పుడు ఆ క్రాంకుకు డబ్బు కట్టవలసింది మీరే.